ఆరు కాయల సంచీ

మొన్న మా వీధిలో ఒకావిడ దొడ్లో జారిపడింది. అదృష్టం, ఎముక విరగలేదు. చూడబోయిన వాళ్ళందరూ ఆవిడకి ఒకటే మాట చెప్పి వచ్చారు, ఇంక ఏ పనీ పెట్టుకోవద్దు, హాయిగా కూర్చోండి అని. నేనూ వెళ్ళాను. ఆ మాట మాత్రం నా నోట రాలేదు. ఆరేళ్ళ కిందట నాకూ అదే చెప్పారు, నేను బుద్ధిగా విన్నాను కూడా. హాయిగా కూర్చున్నదాన్ని నెలల తరబడి లేవలేకపోయాను. ఆ కథ ఆవిడకి చెప్పబోతే వాళ్ళ కోడలు కాఫీ తెచ్చింది, ఈలోగా ఇంకెవరో వచ్చారు, మాట తెగిపోయింది. అందుకని ఇంటికొచ్చి కాగితం మీద పెడుతున్నాను. ముప్ఫయ్యేళ్ళు పిల్లల చేత అక్షరాలు దిద్దించినదాన్ని, రాయడమంటే భయం లేదు. అప్పటి భయాన్ని మళ్ళీ తలుచుకోవడమే కొంచెం కష్టం.

1960, కార్తీకం

అప్పటికి నేను స్కూలు మానేసి మూడేళ్ళు. యాభై ఎనిమిదో ఏడు నడుస్తోంది. మా ఎలిమెంటరీ స్కూలు వాళ్ళు ముసునూరు దారిలో ఒక మామిడితోటలో వనభోజనాలు పెట్టుకుని, పాత పంతులమ్మని కదా అని నన్నూ పిలిచారు. ముందురోజు వాన పడింది. విస్తళ్ళ దగ్గర పిల్లలు తోసుకుంటుంటే పాత అలవాటు ఊరుకోనిచ్చిందా, "వరస, వరస" అని అరుస్తూ గబగబా నడిచాను. తడి ఆకుల మీద కాలు జారింది. పడ్డ చప్పుడు గుర్తులేదు. పిల్లలందరూ ఒక్కసారి నోళ్ళు మూసుకోవడం గుర్తుంది. ముప్ఫయ్యేళ్ళ ఉద్యోగంలో నేను ఎంత అరిచినా అంత నిశ్శబ్దం రాలేదు.

తోటలో పాదులు తవ్వుతున్న కూలీ ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. వాళ్ళలో కోటమ్మ ఒకతె. దాదాపు నా వయసే. దాని మనవరాలికి నేనే ఓనమాలు దిద్దించాను. నన్ను లేపబోయిన మేష్టర్లని కసిరి, తన తలగుడ్డ విప్పి నా రెండు కాళ్ళూ కలిపి కట్టింది. కాపలావాడి పాక తలుపు ఊడదీయించి దాని మీద పడుకోబెట్టి బండెక్కించింది. తొడ ఎముక విరిగిందనీ, ఆ కట్టు కట్టకపోతే ఇంకా చెడిపోయేదనీ బెజవాడ ఆసుపత్రిలో డాక్టరుగారు చెప్పేదాకా మాకు తెలియదు.

ఆసుపత్రిలో మూడు నెలలున్నాను. కాలికి పట్టీలు చుట్టి, మంచం చివర కప్పీ మీద తాడు వేసి, తాడు కొసన ఇసుక సంచులు వేలాడదీశారు. ఎముక సూటిగా అతుక్కోవాలంటే అదే దారిట. నాకు ఆ మూడు నెలల్లో కనిపించిన లోకమంతా ఆ సంచులే. వార్డులో ఎవరు నడిచినా అవి కొద్దిగా ఊగేవి. కళ్ళు మూసుకున్నా ఊగుతున్నట్టే ఉండేది. ఇక్కణ్ణుంచి లేచి నడుస్తానా, నలుగురు మోసుకుపోతారా అని రోజూ అనుకునేదాన్ని. ఎవరితోనూ పైకి అనలేదు.

మావారి సంగతి ఒకటి చెప్పాలి. తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. ఇంట్లో మంచినీళ్ళు తనంతట తను ముంచుకుని ఎరగరు. అలాంటి మనిషి ఆ మూడు నెలలూ ఆసుపత్రి వరండాలో చాప పరుచుకుని పడుకున్నారు. పక్క మంచం ఆవిడ కూతురి దగ్గర జడ అల్లడం నేర్చుకుని నాకు జడ వేసేవారు. మొదట్లో అది జడలా ఉండేది కాదు, గడ్డితాడులా ఉండేది. నేను నవ్వితే కాలు నొప్పి. నవ్వకపోతే ఆయన చిన్నబుచ్చుకునేవారు.

మరియమ్మ సిస్టరు అని ఒకావిడ రోజూ వచ్చి కాళ్ళకీ చేతులకీ కసరత్తు చెప్పేది. దుప్పటి కింద తొడ బిగించమనేది, అయిదు లెక్కపెట్టి వదలమనేది. నాకు చిర్రెత్తేది. విరిగిన కాలు పెట్టుకుని బిగించడమేమిటని ఒకరోజు అడిగేశాను. ఆవిడ కోప్పడలేదు. ఎముక అతుక్కునే పని డాక్టరుగారు చూస్తారనీ, దాన్ని మోసే కండ సంగతి నేనే చూసుకోవాలనీ, నా బదులు ఇంకెవరూ చెయ్యలేరనీ చెప్పింది. నేను రోజూ చేశానని అబద్ధం చెప్పేదాన్ని. రెండు రోజులకోసారి చేసేదాన్ని.

1961, మాఘం

మాఘంలో ఇంటికి తెచ్చారు. తోటలన్నీ పూత మీదున్నాయి. కారు కిటికీలోంచి ఆ పూత వాసన తగిలితే ఏడుపొచ్చింది. రెండు చంకకర్రల మీద నాలుగడుగులు వేసేదాన్ని. విరిగిన కాలు చూసుకుంటే రెండో కాలికి సగం ఉంది. ఇది నా కాలేనా అనిపించింది.

ఇంట్లో నాకు జరిగిన సేవ ఏ మహారాణికీ జరగదు. మా కోడలు రాజ్యం నేను నోరు తెరవకముందే చెంబు అందించేది. మా అబ్బాయి వడ్రంగిని పిలిపించి పాత కుర్చీకి మధ్యలో కోత పెట్టించి దొడ్లో వేయించాడు, నేను గొంతుక్కూర్చోలేను కనుక. ఇంక మావారు. మంచం మీద నుంచి లేవాలన్నా, స్నానం పీట మీద నుంచి లేవాలన్నా, కుర్చీలోంచి లేవాలన్నా ఆయన వచ్చి చంకల కింద చేతులు వేసి లేపేవారు. నేను కొంచెం ప్రయత్నించబోతే, "నేను లేనూ? నీకెందుకా శ్రమ?" అనేవారు. ఆ మాట ఎంత తీయగా ఉండేదో చెప్పలేను. ఆ తీపిలోనే మునిగిపోయాను. నలుగురూ ప్రేమగా మంచాన పడేస్తున్నారని తెలియడానికి నాకు చాలా రోజులు పట్టింది.

పథ్యం ఒకటి తోడైంది. పప్పు వాతమనీ, పెరుగు చలవనీ, చారు అన్నం తప్ప పెట్టలేదు. చారుతో కండ పడితే లోకంలో ఇంత మంది పాలకోసం ఎందుకు ఆవుల్ని మేపుతారు?

నా భయం ఒకటే, నేల. కింద కూర్చుంటే ఇంక లేవలేననే భయం. మన ఇళ్ళల్లో బతుకంతా నేల మీదే కదా. అన్నం తినడం, కూర తరగడం, పూజ, పిల్లల్ని ఒళ్ళో వేసుకోవడం, పదిమందితో కబుర్లు, అన్నీ కిందే. నేనొక్కదాన్నీ ఊరి కచేరీలో తాసిల్దారులా కుర్చీలో కూర్చునేదాన్ని. భోజనాలప్పుడు మరీ బాధ. నేను ఒంటరిగా పైన తినడం చూడలేక మావారు కూడా పీట మానేసి, ముక్కాలిపీట తెచ్చుకుని నా పక్కన ఒళ్ళో కంచం పెట్టుకుని తినేవారు. ఆయన ఒళ్ళో చారు ఒలకని రోజు లేదు.

1961, ఫాల్గుణం

నెల తిరిగాక చూపించుకోవడానికి బెజవాడ తీసుకెళ్ళారు. పొద్దున్న ఏడింటికి వరండాలో బల్ల మీద కూర్చుంటే మధ్యాహ్నం ఒంటిగంటకి పిలుపొచ్చింది. ఆ వరండాలో కట్లు కట్టిన చేతులు, కాళ్ళు, చంటిపిల్లల ఏడుపులు. ఎవరో తెలియని ముసలావిడ నా కాలు చాపుకోవడానికి తను కింద కూర్చుని బల్ల ఖాళీ చేసింది. బత్తాయి ఒలిచి సగం నా చేతిలో పెట్టింది. ఆవిడ కింద కూర్చున్నందుకు నాకు అసూయ వేసిందంటే నమ్ముతారా? పిలుపొచ్చినప్పుడు ఆవిడ ఎలా లేస్తుందా అని కళ్ళార్పకుండా చూశాను. గోడ పట్టుకుని లేచింది. నాకంటే పదేళ్ళు పెద్దది.

డాక్టరుగారు ఎముక బాగా అతుక్కుందన్నారు. రెండు నిమిషాల్లో పని అయిపోయింది. బయట మరియమ్మ సిస్టరు నా తొడ రెండు వేళ్ళతో పట్టి చూసి, నా అబద్ధాలన్నీ ఆ ఒక్క పట్టులో కనిపెట్టేసింది. "అమ్మా, ఎముక వాళ్ళు బాగు చేశారు. ఇప్పుడు మీరు చేసుకోకపోతే, ఏడాది తిరక్కుండా మళ్ళీ పడతారు. ఈసారి ఇక్కడికి కూడా రారు" అంది. ఆవిడ మాట అంత మెత్తగా ఉంది గనుకే గుండెలో దిగింది.

అక్కడే బల్ల మీద కూర్చోబెట్టి చూపించింది. గోడకి ఆనించిన కుర్చీలో కూర్చోవాలి. చీలమండకి చిన్న ఇసుక సంచీ కట్టుకుని కాలు మెల్లగా చాపాలి, అంతకంటే మెల్లగా దించాలి. పదిసార్లు. తరవాత అదే కుర్చీలోంచి చేతులు ఆనించి లేవాలి, కూర్చోవాలి. రోజు విడిచి రోజు. లేచేటప్పుడు, ఎత్తేటప్పుడు ఊపిరి బిగపట్టకూడదు, వదలాలి. కండ అలిసిన నొప్పి ఉండొచ్చు గానీ కీలులో పోటు వస్తే అక్కడితో ఆపాలి. చీర కుచ్చెళ్ళు ఎగదోపుకోవాలి, తడి నేల మీద నిలబడకూడదు. పప్పు, పాలు, పెరుగు తినాలి. మావారు ఇదంతా చిన్న పుస్తకంలో రాసుకున్నారు గానీ, ఆయన మొహం చూస్తే ఒక్క ముక్కా నచ్చలేదని తెలుస్తూనే ఉంది. "మొక్కై వంగనిది మానై వంగుతుందా?" అన్నారు దారిలో. బడిలో వేలమంది పిల్లల మీద నేను విసిరిన సామెత అది. నా నెత్తినే పడింది.

ఇంటికి రాగానే రాజ్యం మావారి పాత పంచె చింపి సంచీ కుట్టింది, రెండు తాళ్ళు పెట్టింది. మా అబ్బాయి ఇసుక పోశాడు. కాలికి కట్టుకుని తల వంచి చూశాను. ఇసుక సంచీ! ఆసుపత్రిలో మూడు నెలలు నా కాలిని పట్టుకు వేలాడిన సంచీ మళ్ళీ వచ్చి కూర్చున్నట్టుంది. విప్పి అవతల పారేసి ఏడ్చాను. రెండు రోజులు దాని జోలికి పోలేదు.

మూడోరోజు సాయంత్రం కోటమ్మ వచ్చింది. తోట పని అయ్యాక మా వీధిలోంచే వెళుతుంది. లోపలికి రమ్మంటే రాదు, అరుగు చివర ఆగుతుంది. నేను అరుగు మీదే కుర్చీలో ఉన్నాను. సంచీ సంగతి విని నవ్వింది. సంచీ తీసుకుని ఇసుక వీధిలో దులిపేసింది. ఒడి విప్పి నిమ్మకాయంత మామిడి పిందెలు అందులో వేసింది. లెక్క చూసుకోలేదు, ఒడిలో ఎన్నుంటే అన్నీ వేసింది. ఆరున్నాయి.

ఆ తోటలో గాలికి రాలిన పిందె కూలీదే. అది అక్కడి ఆనవాయితీ. ప్రతి వారమూ అలా రాలిన వాటిలోంచి ఆరు తెచ్చి సంచీలో వేస్తాననీ, పాతవి తీసేస్తాననీ అంది. "కాయతో పాటే మీరూ ఎదగండి పంతులమ్మగారూ. చెట్టు తొందరపడదు, మీరూ పడమాకండి."

1961, చైత్రం

అలా మొదలైంది. కాయలు ఆరే. మొదటి వారం పిందెల బరువే తెలియలేదు. రెండో వారానికి కాస్త బరువనిపించింది. చైత్రం వచ్చేసరికి జామకాయలంత అయ్యాయి, టెంక కట్టింది. నేనూ కర్రలు వదిలి చేతికర్రకి వచ్చాను. ఇంతలో మావారికి ఒక అభ్యంతరం తోచింది. తినే పదార్థం కాలికి కట్టుకోవడమేమిటి, అన్నం కాలికి తగిలితే కళ్ళకద్దుకునే ఇంట్లో అని. ఆ మాట నిజమే. నేనూ ఇబ్బంది పడ్డాను. కోటమ్మ విని అరుగు కిందనుంచే జవాబు చెప్పింది.

"తోటలో కాయ రాలేది మా కాళ్ళ మీదే కదండీ బాబుగారూ. ఏరేది మేమే. ఇన్నేళ్ళూ మీరు తినలేదా?"

ఆ రాత్రి రాజ్యం వారం నాటి ఆరు కాయలూ రెండుసార్లు కడిగి మామిడికాయ పప్పు చేసింది. వాతమూ గీతమూ అనకుండా ఆయనే ముందు వడ్డించుకున్నారు, నాకూ రెండు గరిటెలు వేశారు. ఆ ఏడు మా ఇంట్లో తిన్న పప్పంతా నా కాలు ఎత్తి దించిన కాయలదే.

చైత్రం చివర్లో కోతలు మొదలై కోటమ్మకి తీరిక లేకుండా పోయింది. వారం దాటింది, కొత్త కాయలు రాలేదు. నాకు సంచీ తేలికైపోయినట్టు, నేను అప్పుడే కోలుకున్నట్టు ఒక గర్వం. మా అబ్బాయితో బజార్లోంచి ఆరు కాయలు తెప్పించాను. వాడు కలెక్టరు రకం మామిడికాయలు తెచ్చాడు. కోటమ్మ తెచ్చేవి చిన్న రసాలు, గుప్పిట్లో పడతాయి. ఒక్కో కలెక్టరు కాయ రెండు రసాల పెట్టు ఉంటుంది. చూస్తే తెలియదా? తెలుసు. నూజివీడులో పుట్టి పెరిగిన మనిషికి కళ్ళు మూసుకుని తడిమినా తెలుస్తుంది. కానీ ఆరంటే ఆరే కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. బడిలో లెక్కలు చెప్పిన పంతులమ్మ చేసిన లెక్క అది. ఎవరూ చూడకుండా సంచీ కట్టుకుని, పళ్ళు బిగించి, ఊపిరి బిగపట్టి, ఒక్క ఊపున కాలు లేపాను.

మోకాలి దగ్గర కత్తితో పొడిచినట్టయింది. అరిచిన అరుపుకి ఇంటిల్లిపాదీ వచ్చారు.

1961, వైశాఖం

ఎముకకి ఏమీ కాలేదు, కీలు బెణికింది. రెండు వారాలు మళ్ళీ మంచం. ఈసారి ఎవరూ కోప్పడలేదు. అదే ఎక్కువ బాధ. మావారు సంచీ తీసి అటక మీద పెట్టేశారు. ఆ వయసులో నాకు బరువులెత్తే రాత లేదనుకోమన్నారు. రాజ్యం నా కాళ్ళ దగ్గర కూర్చుని, నేను మంచం మీదున్నా ఫరవాలేదు, ఉంటే చాలని ఏడ్చింది. ఆ పిల్ల అంత మాట అనేసరికి నేనే ఓదార్చాల్సి వచ్చింది. సరే, ఇంక ఇంతే అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. ఆవకాయ రోజులు, ఇంట్లో ఆవపిండి ఘాటు, పెరట్లో కత్తిపీట చప్పుడు. ఏటా ఆ కత్తిపీట ముందు కూర్చునేది నేను. గోడవైపు తిరిగి పడుకున్నాను.

ఒకరోజు మావారు నన్ను లేపి కుర్చీలో కూర్చోబెట్టి, చొక్కా మార్చుకోవడానికి పక్కగదిలోకి వెళ్ళారు. తలుపు ఓరగా ఉంది. చొక్కా తీశారు. నడుం చుట్టూ ఒక పాత తువ్వాలు బిగించి కట్టి ఉంది. దాన్ని విప్పి, గోడకి చెయ్యి ఆనించి, వీపు వంచలేక వంచుతూ కర్పూరతైలం రాసుకుంటున్నారు. కొన్ని నెలలుగా ఇంట్లో ఆ తైలం వాసన. నా కాలికి రాస్తున్నారు కనుక నా కాలి వాసనే అనుకున్నాను.

రాజ్యాన్ని పిలిచి అడిగాను. చెప్పొద్దన్నారని ముందు చెప్పలేదు. తరవాత చెప్పింది. ఫాల్గుణం నుంచీ అలాగే ఉందట. రోజుకి పది పన్నెండుసార్లు నన్ను లేపడం వల్ల వచ్చిందట. ఆయనకి అరవై అయిదు దాటాయి. నేను కుర్చీలో కూర్చుని అన్నం తింటూ, లోకంలో నాకంటే కష్టపడే మనిషి లేదనుకుంటున్నాను.

ఆయన బయటికి రాగానే అడిగేశాను. నడుం సంగతి నాకెందుకన్నారు. నేను ఊరుకోలేదు.

"మీరు పడితే నన్నెవరు లేపుతారు? పోనీ, మిమ్మల్ని ఎవరు లేపుతారు?"

ఆయన స్టూలు జరుపుకుని అటక మీద నుంచి సంచీ తీసి నా ఒళ్ళో పెట్టారు. స్టూలెక్కి దిగేటప్పుడు ఆయన పెదవి కొరుక్కోవడం చూశాను. ఆరోజు వరకూ నాకోసం లేవాలనుకున్నాను. అందుకే రెండుసార్లు చేసి ఒకసారి మానేదాన్ని. ఆరోజు నుంచీ మానలేదు.

1961, రెండు జ్యేష్ఠాలు

ఆ ఏడు అధిక జ్యేష్ఠం వచ్చింది. శుభకార్యాలు పనికిరావని అందరూ విసుక్కున్నారు. పంచాంగం నాకు మాత్రం ఒక నెల ఎక్కువ ఇచ్చిందనిపించింది.

కోటమ్మ కలెక్టరు కాయల కథ విని తల కొట్టుకుంది. ఆరు కాదు, రెండు రసాలతో మొదలెట్టమంది. రెండా అని నాకు నామోషీ. అయినా రెండే. వారానికొకటి కలిపింది. అరుగు చివర నిలబడి చూస్తూ, "గంప లేపేది చేతులు కాదండీ, తొడలు. నడుం వంచితే గంప మిమ్మల్ని పడేస్తది" అంది. చూపించమన్నాను. దూరం నుంచి చూపిస్తానంది. నాకు కోపం వచ్చింది. నా కాళ్ళు కట్టి బండెక్కించిననాడు లేని దూరం ఇప్పుడేమిటన్నాను. కోటమ్మ అరుగెక్కింది. లోపల మావారు దగ్గారు, అంతే, బయటికి రాలేదు. తరవాత తనే మంచినీళ్ళు పట్టుకొచ్చి కోటమ్మకి ఇచ్చారు. తనంతట తను ముంచి తెచ్చిన నీళ్ళు.

కోటమ్మ నా పక్కన చతికిలబడి, గంప ఎత్తే ఆడవాళ్ళు ఎలా లేస్తారో చూపించింది. ముందు ఒక పక్కకి ఒరిగి చేతుల మీదికి రావాలి. ఒక మోకాలు నేల మీద ఉంచి, బలమైన కాలి పాదం ముందుకి వేయాలి. ఆ తొడ మీద చెయ్యి ఆనించి, "హుం" అని ఊపిరి వదులుతూ లేవాలి. ఆ హుంకారం తోటల్లో రోజంతా వినిపిస్తుంది. బరువుకి మూలుగుతున్నారనుకునేదాన్ని ఇన్నాళ్ళూ. అది మూలుగు కాదు, మరియమ్మ సిస్టరు చెప్పిన పాఠమే.

నీకు ఈ వయసులో ఇంత బలం ఎలా వచ్చింది అని అడిగాను. కోటమ్మ మోకాలు నిమురుకుంది.

"బలమా? నాకూ మోకాళ్ళు పీకుతాయండి. మీకు బరువు లేక జబ్బు, మాకు బరువు ఎక్కువై జబ్బు."

ఆ తరవాత అది వచ్చినప్పుడల్లా నా కుర్చీ పక్కన దాని మోకాళ్ళకీ కర్పూరతైలం పెట్టించాను. అంతకంటే చెయ్యలేకపోయాను.

నేల దగ్గరికి ఒక్కసారి దిగలేదు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం వచ్చాక ముక్కాలిపీట మీద కూర్చున్నాను. అది వచ్చాక నాలుగు పీటలు ఒకదాని మీద ఒకటి పేర్చి కూర్చున్నాను. తరవాత మూడు. తరవాత రెండు. రాజ్యం ఎప్పుడూ వెనక నిలబడేది, ముందు బరువైన కుర్చీ ఉండేది పట్టుకోవడానికి. రెండు పీటల దగ్గర పదిరోజులు ఆగిపోయాను. కాళ్ళు గడగడ వణికేవి, కళ్ళల్లో నీళ్ళొచ్చేవి. ఆగిపోయిన చోట ఆగడం కూడా చికిత్సేనని అప్పుడు తెలిసింది. ఎవరూ లేనప్పుడు మాత్రం నేల జోలికి పోలేదు. ఒకసారి దెబ్బ తిన్న బుద్ధి.

నా ఈడు ఆడవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మాట. నన్ను చూసి రేపే కాయలు కట్టుకోకండి. ముందు డాక్టరుగారిని అడగండి, మీ గుండె సంగతి, రక్తపోటు సంగతి ఆయనకి తెలుసు. తక్కువతో మొదలెట్టండి, నవ్వుకునేంత తక్కువతో. ఊపిరి వదలండి. కీలులో పోటొస్తే ఆపండి, మర్నాడు సిగ్గుపడకుండా బరువు తగ్గించండి. పక్కన ఒక మనిషి ఉండాలి. పప్పు మానకండి. అన్నిటికంటే ముఖ్యం, మీ వాళ్ళు ప్రేమగా చెయ్యి అందిస్తే అప్పుడప్పుడూ వద్దనండి. వాళ్ళు నొచ్చుకుంటారు. అయినా అనండి.

నిజ జ్యేష్ఠంలో ఒక మధ్యాహ్నం. చివరి కోత రసాలు, కోటమ్మ తెచ్చిన ఆరు, నీళ్ళల్లో వేసి ఉన్నాయి. పొద్దున్నే రాజ్యానికి చెవిలో చెప్పాను, భోజనాల వేళ కుర్చీ, ముక్కాలిపీట తీసేసి రెండు పీటలు పక్కపక్కన వేయమని. మావారు వచ్చి చూసి గుమ్మంలో ఆగిపోయారు. వద్దని ఒక్కమాట అన్నారు. నేను అప్పటికే గోడ పట్టుకుని కూర్చుంటున్నాను. ఇంక చేసేది లేక ఆయనా తువ్వాలు కట్టిన నడుంతో మెల్లగా పక్కన కూర్చున్నారు.

ఎనిమిది నెలల తరవాత నేల మీద భోజనం. విస్తరి దగ్గరగా ఉంటే అన్నానికి రుచి మారుతుంది. ఇద్దరం రసాలు చీకాం, మోచేతుల దాకా కార్చుకున్నాం. నేను ఎలా లేస్తానా అని ఆయన, ఆయన ఎలా లేస్తారా అని నేను చూస్తూనే ఉన్నాం.

భోజనం అయింది. రాజ్యం నా వెనకాలకి వచ్చి నిలబడింది. మావారు ఎడంచెయ్యి నా ముందు అడ్డంగా చాపి, "ఉండు ఉండు, నేను ముందు లేచి..." అంటూ తను లేవడానికి సర్దుకుంటున్నారు. నేను పక్కకి ఒరిగాను. మోకాలు ఆనించాను. పాదం ముందుకి వేశాను. తొడ మీద చెయ్యి పెట్టి, హుం అన్నాను.

నిలబడ్డాను.

కాళ్ళు వణికాయి గానీ నిలిచాయి. రాజ్యం చేతులు నా నడుం దగ్గర గాలిలోనే ఆగిపోయాయి, తగల్లేదు. కిందికి చూశాను. మావారు తలెత్తి నన్నే చూస్తున్నారు. నన్ను లేపడానికి చాపిన చెయ్యి ఇంకా అలాగే ఉంది, దించడం మరిచిపోయారు. ఆయన కళ్ళు తడిశాయి. నావీ అంతే.

ఒక చేత్తో గోడ పట్టుకుని, రెండో చేత్తో ఆ చెయ్యి అందుకున్నాను.

"కంగారు పడకండి. ముందు ఒక పక్కకి ఒరగండి. ఊపిరి వదులుతూ లేవండి" అన్నాను.

పిల్లలు పాఠం అప్పజెప్పినట్టు ఆయన హుం అన్నారు. లేచారు. చేతులు కడుక్కోవడానికి ఇద్దరం మెల్లగా పెరట్లోకి నడిచాం.